మాసికలు

నేను పడవలకు తెరచాపలు కుట్టేవాణ్ణి.
యుద్ధం వచ్చి విమానాల రెక్కలు కుట్టమంది.
పెద్ద తేడా ఏం లేదు,
రెండూ గుడ్డే, రెండిటికీ గాలితోనే తగువు.

నార్డెన్ రేవులో మా నాన్న నేర్పిన కుట్టు
ఫ్లాండర్స్ ఇసుకలో, సముద్రానికి కూతవేటు దూరంలో,
ఆయిలర్ట్ పోపింగా ఎగిరే అల్బట్రాస్‌కి వేశాను.
నౌకాదళం మనిషి. టార్పెడో పడవ మీద రెండేళ్లు తడిసి తడిసి
ఆకాశమైనా పొడిగా ఉంటుందని వచ్చాడట.
"మోసపోయాను టామ్మే,
మబ్బులోంచి వస్తే చొక్కా పిండుకోవాలి."

ఎక్కేటప్పుడు పడవెక్కినట్టే.
అంచు మీద ఒక చెయ్యి, ఒక్క క్షణం ఆగడం,
తన బరువుకి ఒరుగుతుందేమోనని.
తర్వాత చూపుడువేలు నాలిక మీద తడిపి పైకెత్తేవాడు,
గాలి సంగతంతా కాగితం మీద రాసి గోడకు అంటించి ఉన్నా సరే.
వేలు ఏం చెప్పిందో మాకెప్పుడూ చెప్పలేదు.

తిరిగొచ్చి టీకి వెళ్లేవాడు.
టీ అంటే ఎండిన ముళ్లపొద ఆకులు కాచిన నీళ్లు.
నేను రెక్కల కింద పాకుతూ తూట్లు లెక్కపెట్టేవాణ్ణి.
తూటుకొక మాసిక. అంచు లోపలికి మడిచి, జిగురు, పైన వార్నిష్.
కొందరు మాసిక మీద శత్రువు గుర్తు వేయించుకునేవారు,
నాణెమంత, ముచ్చటగా.
ఇతను వద్దన్నాడు.
"చిరిగింది, కుట్టావు. దానికింక నగ ఎందుకు?"

ఆ వేసవికి అతని లెక్క ఐదు అన్నారు.
నేల మీద పడితేనే లెక్క.
తునక కావాలి, లేదా చూసిన కన్ను కావాలి.
నీళ్లకు సాక్ష్యం చెప్పే అలవాటు లేదు.
"నిన్నటిది రాయమంటారా?
పక్కన ఎగిరినాయన చూశానంటున్నాడు," అడిగాడు గుమాస్తా.
బూటులో ఇసుక దులుపుకుంటూ పోపింగా
"సముద్రం ఖాతాలో రాయి" అన్నాడు.
అలాంటి ఖాతా లేదని గుమాస్తాకీ తెలుసు, అతనికీ తెలుసు.
అందులో ఎందరున్నారో ఎవరూ అడగలేదు.

ఒకటి మాత్రం బీట్‌రూట్ పొలంలో పడింది.
ఇంగ్లిష్ వాళ్ల కామెల్. ముక్కు మట్టిలో, తోక పైకి.
డబ్బాలు పట్టుకుని పరుగెత్తాం,
మనిషి కోసం కాదు, సిగ్గుపడుతూనే చెబుతున్నా,
ఆముదం కోసం.
వాళ్ల ఇంజన్లు ఆముదం తాగుతాయి. మా దేశంలో చుక్క దొరకదు.
పగిలిన ట్యాంకు కింద బకెట్ పెట్టాను.
వెచ్చగా, తీరిగ్గా, ధార కట్టి కారుతోంది.
అప్పుడు పైనుంచి "ప్లీజ్" అని వినబడింది.

కుర్రాడు. కాలు ఇరుక్కుపోయింది.
మొహమంతా ఆముదం, తలంటికి కూర్చోబెట్టిన పిల్లాడిలా నిగనిగ.
పేరు పెన్‌హాలో, పెన్‌రాలో.

పోపింగా సైకిల్ మీద వచ్చాడు.
నా జేబులోంచి కత్తెర లాక్కుని గుడ్డ కత్తిరిస్తూ
సగంలో ఆగాడు.
"టామ్మే, ఈ మాసిక చూడు."
చూశాను. అదే మడత, అదే ముడి.
ఎక్కడో ఇంకో రేవులో ఎవరి నాన్నో నేర్పి ఉంటాడు.
కుర్రాణ్ణి దించాం. బకెట్ నిండింది.
బకెట్ కూడా తెచ్చుకున్నాం.

యుద్ధం అయిపోయిందని ముందు చెవులకు తెలిసింది.
అతనికేదో పతకం వచ్చిందన్నారు, నేను చూడలేదు.
జూయిస్ట్ దీవికి వెళ్లే పడవ మీద టిక్కెట్లు చింపే పనిలో చేరాడు.
నేను మళ్లీ తెరచాపలకి.

ఎనిమిదేళ్లకు ఒక సాయంత్రం దుకాణానికి వచ్చాడు,
వెనక కూతురు, పిల్ల చేతిలో చిరిగిన గాలిపటం.
టీ పోశాను, అసలు టీ.
గాలిపటం అంచు లోపలికి మడిచి కుట్టాను.
నా చేతికి వేరే కుట్టు రాదు.
"దాని మీద చేప బొమ్మ వేస్తావా?" అడిగింది పిల్ల.
నేను అతని వైపు చూశాను.
కప్పులో కలకండ ముక్క చిటపటమంటోంది,
అతను దాన్నే వింటున్నాడు.
"వెయ్యి," అన్నాడు.

సముద్రపు కట్ట మీద పిల్ల దారం పట్టుకు నిలబడింది.
"నాన్నా, గాలి ఎటు?"
అతని వేలు నాలిక దాకా వెళ్లింది.
అక్కడ ఆగి
కోటు జేబులోకి దిగిపోయింది.
"పరుగెత్తు," అన్నాడు, "తెలుస్తుంది."